మెదడును చదివే యంత్రాలు – మెదడును మార్చే చదువు

పుర్రె అనే గట్టి పెట్టెలో భద్రంగా దాచి ఉంచిన అవయవం మెదడు. బరువు సుమారు కిలో మూడు వందల గ్రాములు. అందులో నాడీకణాలు దాదాపు 8,600 కోట్లు. ఇంత పెద్ద సంసారాన్ని నడపడానికి అది వాడుకునే శక్తి ఎంతో తెలుసా? సుమారు 20 వాట్లు. పాత రోజుల్లో వంటింట్లో వేలాడిన చిన్న బల్బుకు కూడా ఆ శక్తి చాలదు. ఆ ఇరవై వాట్లతోనే మనిషి లెక్కలు కడతాడు, పాటలు కడతాడు, పరీక్షల ముందు రాత్రి నిద్ర మానేస్తాడు కూడా!

ఈ మెదడు పనిని బయటినుంచి చూడటానికి, దానికి అందని సమాచారాన్ని అందించడానికి, దారి తప్పిన చోట సరిదిద్దడానికి మనిషి తయారు చేసుకున్న పనిముట్లనే నేడు న్యూరోటెక్నాలజీ అంటున్నారు. తెలుగులో నాడీ సాంకేతికం అనుకోవచ్చు. పత్రికల్లో దీని గురించి వచ్చే వార్తలు చదివితే రేపో మాపో చదువు అక్కర్లేకుండా తలకు తీగ తగిలిస్తే చాలు, పాఠాలన్నీ వచ్చేస్తాయేమో అనిపిస్తుంది. నిజం అది కాదు. ఇంతవరకు విజయవంతమైన ప్రతి నాడీ యంత్రం వెనుకా ఓపికగా సాగిన శిక్షణ ఉంది. యంత్రం చేసేది సగం పని. మిగతా సగం మెదడు నేర్చుకోవాలి, దానికి ఎవరో ఒకరు నేర్పాలి. ఈ సంగతి తెలియక నష్టపోతున్న కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి కనుక, దీన్ని కాస్త వివరంగా చూద్దాం.

ఒకటి వెతికితే మరొకటి దొరికింది

జంతువుల మెదడులో విద్యుత్తు ఉందని 1875లోనే ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో రిచర్డ్ కేటన్ అనే వైద్యుడు ప్రకటించాడు. మనిషి తలమీదినుంచి ఆ విద్యుత్తును తొలిసారి నమోదు చేసినవాడు జర్మనీలోని యేనా పట్టణపు మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్. సంవత్సరం 1924.

బెర్గర్ కథ తమాషాగా ఉంటుంది. సైన్యంలో ఉన్న రోజుల్లో ఆయన గుర్రం మీదినుంచి పడి, వెంట్రుకవాసిలో ప్రాణాపాయం తప్పించుకున్నాడు. అదే రోజు ఎక్కడో దూరాన ఉన్న అక్కకు మనసు కీడు శంకించి, క్షేమం కనుక్కోమని తండ్రిచేత తంతి ఇప్పించింది. ఒక మనసులోని భయం మరో మనసుకు చేరిందని బెర్గర్ గట్టిగా నమ్మాడు. ఆ మానసిక శక్తి ఏదో పట్టుకోవాలని ఏళ్ళ తరబడి కష్టపడ్డాడు. ఆ శక్తి దొరకలేదు గాని, దానికి బదులు సెకనుకు సుమారు పది సార్లు ఊగే ఒక విద్యుత్ తరంగం దొరికింది. కళ్ళు మూసుకుని విశ్రాంతిగా ఉంటే ఆ తరంగం పెరిగేది, కళ్ళు తెరిస్తే తగ్గిపోయేది. దానికి ఆల్ఫా అని పేరు పెట్టాడు. 1929లో అచ్చయిన ఆయన పత్రాన్ని చాలామంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అనే శాస్త్రజ్ఞులు అదే ప్రయోగం చేసి నిజమేనని తేల్చిన తరువాతనే లోకం ఒప్పుకుంది. అదే నేడు ఆస్పత్రుల్లో మూర్ఛ రోగులకు తీసే ఇ.ఇ.జి. పరీక్ష.

ఇందులో విద్యార్థులకు ఒక పాఠం ఉంది. బెర్గర్ నమ్మకం నిలబడలేదు, కాని ఆయన కొలత నిలబడింది. ఎందుకంటే ఆ కొలతను మరొకరు మరొక చోట మళ్ళీ చేసి చూడగలిగారు.

ఈ తరంగాల బలం వోల్టులో కొన్ని పదుల లక్షల వంతులు మాత్రమే. ఒక శబ్దం విన్నప్పుడు మెదడులో పుట్టే స్పందన అంతకంటే చిన్నది, మిగతా సందడిలో కలిసిపోతుంది. అయితే అదే శబ్దాన్ని వెయ్యి, రెండు వేల సార్లు వినిపించి, వచ్చిన స్పందనలన్నిటికీ సగటు కడితే సందడి కొట్టుకుపోయి అసలు స్పందన పైకి తేలుతుంది. 1970 ప్రాంతంలో ఈ పద్ధతి స్థిరపడింది. నేడు మన పట్టణాల్లో ‘బెరా పరీక్ష’ అంటున్నది ఇదే. నిద్రపోతున్న పసిబిడ్డ తలకు మూడు నాలుగు ఎలక్ట్రోడులు అంటించి, చెవిలో టిక్‌టిక్ శబ్దాలు వినిపించి, బిడ్డకు వినబడుతోందో లేదో చెప్పేస్తారు. బిడ్డ నోరు విప్పి చెప్పనక్కర లేదు.

చూపించే యంత్రాలు

ఇ.ఇ.జి. మెదడు మాట్లాడే వేళను చెబుతుంది గాని, ఏ మూల మాట్లాడుతోందో అంత బాగా చెప్పలేదు. ఆ లోటును చాలావరకు తీర్చింది ఎం.ఆర్.ఐ. యంత్రం. 1990లో సేజీ ఒగావా అనే జపాను శాస్త్రజ్ఞుడు అమెరికాలో పనిచేస్తూ ఒక సంగతి గమనించాడు. ప్రాణవాయువు ఉన్న రక్తానికి, అది ఖర్చయిపోయిన రక్తానికి అయస్కాంత గుణంలో తేడా ఉంది. మెదడులో ఏ భాగం కష్టపడితే ఆ భాగానికి కొత్త రక్తం ఎక్కువగా పరుగెత్తుతుంది. కాబట్టి ఆ తేడాను పట్టుకుంటే పనిచేస్తున్న చోటు తెలుస్తుంది. దీన్నే ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ. అంటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రంగు రంగుల బొమ్మలో ఎర్రగా కనిపించేది ఆలోచన కాదు, ఆ చోటికి చేరిన రక్తంలో వచ్చిన మార్పు. అదైనా రెండు మూడు సెకన్లు ఆలస్యంగా వస్తుంది. వీధిలో కరెంటు మీటరు తిరగడం చూసి ఆ ఇంట్లో ఏ సినిమా నడుస్తోందో చెప్పమంటే ఎంత కష్టమో, ఇదీ కొంతవరకు అంతే.

2013లో అమెరికా ప్రభుత్వం ‘బ్రెయిన్ ఇనిషియేటివ్’ పేరిట ఒక పెద్ద పథకం ప్రారంభించింది. మెదడును పరిశోధించే కొత్త పనిముట్లను తయారు చేయడమే దాని ముఖ్యోద్దేశం. మన పక్కనే మద్రాసు ఐ.ఐ.టి.లోని సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ వారు 2024లో గర్భస్థ శిశువు మెదడును పల్చని పొరలుగా తీసి, ఒక్కొక్క పొరను కణాల స్థాయిలో చిత్రించి, ‘ధారణి’ అనే పటాన్ని ప్రపంచానికి ఉచితంగా అందించారు. అందులోని చిత్రాలు 5,132.

చెవి లోపలి తీగ

ఇక వైద్యం సంగతి. నాడీ యంత్రాలలో ఎక్కువమందికి ఉపయోగపడినది కాక్లియర్ ఇంప్లాంట్. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగం ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో దాన్ని కర్ణావర్తం అంటారు. అందులో శబ్దాన్ని నాడికి అందించే లోపలి వరుస రోమకణాలు సుమారు 3,500. మొదట్లో ఉన్నవి సన్నని స్వరాలకు, చివర ఉన్నవి బొంగురు స్వరాలకు స్పందిస్తాయి. అంటే అదొక చుట్ట చుట్టిన హార్మోనియం! ఈ రోమకణాలు పుట్టుకతోనే పనిచేయకపోతే ఎంత గట్టిగా అరిచినా, ఎంత మంచి వినికిడి పరికరం పెట్టినా పెద్దగా ప్రయోజనం ఉండదు.

1957లో పారిస్‌లో జూర్నో, ఎరియేస్ అనేవారు వినికిడి నాడిని నేరుగా విద్యుత్తుతో తట్టి చూశారు. 1961లో అమెరికాలో విలియం హౌస్, 1978లో ఆస్ట్రేలియాలో గ్రేమ్ క్లార్క్ ఈ పనిని ముందుకు తీసుకువెళ్ళారు. చెవి వెనుక మైక్రోఫోను, చిన్న కంప్యూటరు ఉంటాయి. శబ్దాన్ని స్వరాలవారీగా విడగొట్టి, తలకు అయస్కాంతంతో అతుక్కునే గుండ్రటి బిళ్ళ ద్వారా చర్మం లోపలికి పంపుతాయి. లోపలి భాగం ఆ సంకేతాన్ని అందుకుని కర్ణావర్తంలో దూర్చిన సన్నని తీగకు ఇస్తుంది. ఆ తీగ మీద ఇరవై చిల్లర ఎలక్ట్రోడులు మాత్రమే ఉంటాయి. అంటే 3,500 మెట్ల హార్మోనియం మీద వాయించవలసిన పాటను ఇరవై రెండు మెట్ల మీద వాయించాలన్నమాట.

మరి ఆ వచ్చిన మోతలో అమ్మ గొంతును పోల్చుకునేది ఎవరు? మెదడే. పెద్దవయసులో వినికిడి పోగొట్టుకుని ఈ ఆపరేషన్ చేయించుకున్నవారు మొదటి రోజుల్లో మాటలన్నీ రేకుడబ్బాలోంచి వస్తున్నట్లు ఉన్నాయంటారు. కొన్ని నెలలు గడిచాక అవే మాటలు మామూలుగా వినిపిస్తాయి. యంత్రం మారలేదు, మెదడు అలవాటు పడింది.

పుట్టు చెవిటి పిల్లల విషయంలో వయసు మరీ ముఖ్యం. శబ్దం అందని మెదడు భాగాన్ని చూపు, స్పర్శ వంటి ఇతర పనులు క్రమంగా ఆక్రమించుకుంటాయి. అమెరికాలో అను శర్మ, ఆమె సహచరులు పిల్లల మెదడు తరంగాలను కొలిచి 2002లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మూడున్నర సంవత్సరాలలోపు ఇంప్లాంటు పెట్టిన పిల్లల్లో శబ్ద స్పందన కొద్ది నెలల్లోనే ఆ వయసువారి స్థాయికి చేరుకుంది. ఏడేళ్ళు దాటాక పెట్టినవారిలో చాలామందికి అలా జరగలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో చిన్నపిల్లల కాక్లియర్ ఆపరేషన్లను చేర్చడం వలన, లక్షల రూపాయలు పెట్టలేని కుటుంబాల పిల్లలకు కూడా ఈ అవకాశం వచ్చింది. ఇది గొప్ప మేలు. కాని ఆపరేషన్ అయ్యాక ఏం జరుగుతోంది? మిషను ఆన్ చేసిన రోజునే పిల్లవాడు ‘అమ్మా’ అంటాడని తల్లిదండ్రులు ఎదురు చూస్తారు. ఆ పిల్లవాడు ఉలిక్కిపడి ఏడుస్తాడు. వాడికి ఐదేళ్ళున్నా, వినికిడి వయసు ఆ రోజుకు సున్నా. మామూలు బిడ్డ మొదటి మాట అనడానికి ముందు దాదాపు సంవత్సరం పాటు వింటూనే ఉంటుంది కదా! అదే ఓపిక ఇక్కడా కావాలి. వారానికి ఒకటి రెండుసార్లు థెరపిస్టు దగ్గర శిక్షణ, మిగతా రోజులన్నీ ఇంట్లో అన్నం కలుపుతూ, తల దువ్వుతూ, గిన్నెలు సర్దుతూ పిల్లవాడితో మాట్లాడుతూనే ఉండాలి. కూలి పని మానుకుని శిక్షణకు పట్నం రాలేని తల్లికి ఇది ఎంత కష్టమో ఆలోచించండి. శిక్షణ ఆగిపోతే, పాడైన తీగకు, బ్యాటరీకి డబ్బు లేకపోతే, అంత ఖరీదైన పరికరం బీరువాలోకి వెళ్ళిపోతుంది. పిల్లవాడి వయసు మాత్రం ఆగదు.

ఇంకొక మాట. ఇంప్లాంటు అందని పిల్లలు, పనికిరాని పిల్లలు కూడా ఉంటారు. సంజ్ఞల భాష కూడా వ్యాకరణం గల పూర్తి భాషే. పసితనంలో ఏదో ఒక భాష అందకుండా పోవడమే అసలు నష్టం.

వణుకును ఆపిన విద్యుత్తు

పార్కిన్సన్ వ్యాధి పేరు మీరు వినే ఉంటారు. చేతులు వణకడం, నడక నెమ్మదించడం దీని లక్షణాలు. మధ్యమెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్షీణించడం దీనికి కారణం. లోపించిన డోపమిన్‌ను భర్తీ చేసే మందు ఎల్‌డోపా. మన పొలం గట్లమీద పెరిగి, తగిలితే దురద పెట్టే దూలగొండి గింజల్లో ఈ పదార్థం ఉందని 1937లో మద్రాసు విశ్వవిద్యాలయంలో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు దాన్ని వేరుచేసి చూపించారు. (అలా అని ఎవరూ గింజలు నమలవద్దు. మోతాదు వైద్యుడే నిర్ణయించాలి.)

ఏళ్ళు గడిచేకొద్దీ కొందరిలో మందు ప్రభావం నిలకడగా ఉండదు. 1987లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరంలో ఆలిం లూయీ బెనబీద్ అనే శస్త్రవైద్యుడు మెదడు లోతుల్లోకి సన్నని తీగ పంపి, సెకనుకు వందకు పైగా విద్యుత్ తాకిడులు ఇస్తే వణుకు ఆగిపోతుందని గమనించాడు. దీన్ని డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ అంటారు. గుండెకు పేస్‌మేకర్ పెట్టినట్లే ఛాతీ చర్మం కింద బ్యాటరీ పెడతారు. మన హైదరాబాదు నిమ్స్‌లో కూడా ఈ చికిత్స చేస్తున్నారు.

ఇక్కడ కూడా స్విచ్చి వేయగానే కథ ముగియదు. ఎన్ని వోల్టులు, ఎంత వేగం, ఏ ఎలక్ట్రోడు అన్నవి ఒక్కొక్క రోగికి విడివిడిగా సరిచేయాలి. అందుకు నెలలు పడుతుంది. మందుల మోతాదు మార్చాలి, నడక అభ్యాసం చేయించాలి. ఈ చికిత్స వ్యాధిని నయం చేయదు, లక్షణాలను అదుపులో ఉంచుతుంది. ఆ సంగతి ముందే చెప్పిన వైద్యుడే మంచి వైద్యుడు.

ఆలోచనతో కదిలిన చేయి

1969లో అమెరికాలో ఎబర్‌హార్డ్ ఫెట్జ్ అనే శాస్త్రజ్ఞుడు ఒక కోతి మెదడులోని ఒకే ఒక నాడీకణానికి తీగ తగిలించి, ఆ కణం చురుకైనప్పుడల్లా మీటరు ముల్లు కదిలేటట్లు, తినడానికి ఏదో దొరికేటట్లు ఏర్పాటు చేశాడు. కోతి కొద్దిసేపట్లోనే తన సొంత నాడీకణాన్ని చురుకుపరచడం నేర్చుకుంది! మెదడుకూ యంత్రానికీ నడుమ వంతెన సాధ్యమని తెలిపిన తొలి ప్రయోగాలలో ఇదొకటి.

2004లో అమెరికాలో మెడ కిందినుంచి చచ్చుబడిన మాథ్యూ నేగల్ అనే యువకుడి మెదడులో 96 ఎలక్ట్రోడులున్న చిన్న పలకను అమర్చారు. పొడవూ వెడల్పూ నాలుగేసి మిల్లీమీటర్లు. చేయి కదపాలని అనుకోవడం ద్వారా అతడు కంప్యూటరు తెరమీద బాణం గుర్తును కదిలించాడు. 2021లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కృష్ణ షెనాయ్, జేమీ హెండర్సన్ బృందం మరో మెట్టు ఎక్కింది. చేతులు పడిపోయిన ఒక వ్యక్తి కాగితం మీద రాస్తున్నట్లు ఊహించుకుంటే, ఆ ఊహను చదివి నిమిషానికి 90 అక్షరాలు తెరమీద వేయగలిగారు. ఎప్పుడో చిన్నప్పుడు బడిలో దిద్దిన అక్షరాలు, చేయి పడిపోయిన ఏళ్ళ తరువాత కూడా ఆ మెదడులో చెక్కుచెదరకుండా ఉన్నాయి. దిద్దించిన ఆ పంతులు ఎవరో గాని, చేసిన పని వృథా కాలేదు.

తరగతి గదిలో మెదడు

చదువు మెదడును మారుస్తుందా? దీన్ని మన దేశంలోనే పరీక్షించారు. లక్నో దగ్గరి పల్లెల్లో, ఎన్నడూ అక్షరం ముట్టని పెద్దవారికి, అందులో దాదాపు అందరూ స్త్రీలే, ఆరు నెలలపాటు హిందీ చదవడం నేర్పారు. నేర్పడానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి ఎం.ఆర్.ఐ. తీశారు. 2017లో ప్రచురించిన ఈ పరిశోధనలో జర్మనీ, నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులతోపాటు మన హైదరాబాదు విశ్వవిద్యాలయానికి చెందిన రమేశ్ మిశ్రా కూడా పాల్గొన్నారు. మెదడు పైపొరలోనే కాక, లోతున చూపును నడిపించే భాగాలకూ, పైపొరలోని దృష్టి కేంద్రానికీ మధ్య సమన్వయం పెరిగినట్లు తేలింది. ముప్పై ఏళ్ళ వయసులో కూడా!

ఇందులో రెండు సాధనాలు ఉన్నాయి. ఒకటి కోట్ల రూపాయల ఎం.ఆర్.ఐ. యంత్రం, రెండోది అక్షరాలు నేర్పిన ఉపాధ్యాయుడు. మార్పును చూపింది యంత్రం. మార్పును తెచ్చింది ఉపాధ్యాయుడు.

ఈ తేడా తెలియకనే కొందరు మోసపోతున్నారు. ‘మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్’ పేరిట మన ఊళ్ళలో కూడా వేల రూపాయలు వసూలు చేసి, కళ్ళకు గంతలు కట్టిన పిల్లలచేత పుస్తకాలు చదివించి చూపించారు. గంత కింద ముక్కు పక్కన సందు ఉంటుంది, అదే రహస్యం. నిజానికి మధ్యమెదడు పుట్టినప్పటినుంచి అందరికీ పనిచేస్తూనే ఉంటుంది. లేకుంటే కళ్ళు తిప్పలేం. మెదడులో పదో వంతే వాడుతున్నామన్న మాట కూడా ఇలాంటిదే. వాడని తొమ్మిది వంతులు ఏ యంత్రానికీ కనబడలేదు.

2019లో చైనాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లల తలలకు ఇ.ఇ.జి. పట్టీలు కట్టి, ఎవరి శ్రద్ధ ఎంతో టీచరుకు తెలిపే ఏర్పాటు చేశారు. తల్లిదండ్రులు, ప్రజలు అభ్యంతరం చెప్పగా అధికారులు దాన్ని ఆపించారు. కిటికీలోంచి చూస్తున్న పిల్లవాడు లెక్క గురించే ఆలోచిస్తూ ఉండవచ్చు. ఆ మాట పట్టీ చెప్పదు. మంచి మాస్టారు పిలిచి అడిగితే తెలుస్తుంది.

మెదడుకు తలుపు, తలుపుకు గడియ

మెదడులోకి దారి దొరికిన తరువాత, ఆ దారి తాళం ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న వస్తుంది. 2010లో సెల్వి కేసులో మన సుప్రీంకోర్టు స్పష్టమైన తీర్పు ఇచ్చింది. నిందితుడి సమ్మతి లేకుండా నార్కో పరీక్షగాని, మెదడు తరంగాల పరీక్షగాని బలవంతంగా జరపరాదు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని ఎవరినీ నిర్బంధించరాదన్న రాజ్యాంగ హక్కు మనసుకు కూడా వర్తిస్తుందన్నమాట. 2021లో చిలీ దేశం మెదడు సమాచారానికి రక్షణ కల్పిస్తూ తన రాజ్యాంగాన్నే సవరించింది.

మరొక చిక్కు ఉంది. ఆర్గస్ 2 అనే కృత్రిమ నేత్రాన్ని ప్రపంచంలో 350 మందికి పైగా అంధులు పెట్టించుకున్నారు. కొన్నాళ్ళకు ఆ కంపెనీ నష్టాల్లో పడి, 2019లో తయారీ మానేసింది. కంటిలో పరికరం మిగిలిపోయింది, మరమ్మతు చేసే దిక్కు లేకుండా పోయింది. రేడియో పాడైతే పక్కన పడేస్తాం. ఒంట్లో పెట్టిన యంత్రాన్ని ఏం చేస్తాం? పరికరం ఇచ్చేవారు, అది ప్రభుత్వమైనా కంపెనీ అయినా, ఎన్నేళ్ళు వెనక నిలబడతారో ముందే అడగాలి.

మనం చేయగలిగింది

విద్యార్థి మిత్రులారా! ఈ రంగం డాక్టర్లది మాత్రమే కాదు. సంకేతాలను సందడినుంచి వేరుచేసేది ఎలక్ట్రానిక్స్ విద్యార్థి. ఒంటికి పడే లోహాన్ని తయారు చేసేది రసాయనశాస్త్ర విద్యార్థి. తెలుగు ధ్వనులలో ఏవి ముందు నేర్పాలో, ‘ప’కూ ‘బ’కూ తేడాను పిల్లవాడి చెవికి ఎలా పట్టించాలో చెప్పగలిగినది భాషాశాస్త్ర విద్యార్థి. ఇవాళ మనకు ఎక్కువ కొరత ఉన్నది మాత్రం నేర్పేవారికి. సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో వినికిడి, వాక్కులకు సంబంధించిన చదువులు ఉన్నాయి. ఇంటర్‌లో సైన్సు చదివి మెడికల్ సీటు రాలేదని దిగులు పడే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. వారికి ఈ దారి ఉందని చెప్పండి.

ఇంకా సులువైన పని ఒకటి ఉంది. మీ వీధిలో పసిబిడ్డ పిలిస్తే తిరగకపోతే, ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే’ అని పెద్దలు సర్దిచెబుతారు. ఆ మాటతో ఊరుకోకుండా, బెరా పరీక్ష చేయించమని ఆ తల్లికి చెప్పండి. చెవి వెనుక గుండ్రటి బిళ్ళతో ఒక చిన్నపిల్ల బస్సులో మీ పక్కన కూర్చుంటే, బిళ్ళకేసి చూడకండి. ముఖంలోకి చూసి, నెమ్మదిగా, స్పష్టంగా ‘నీ పేరేమిటమ్మా?’ అని అడగండి. జవాబు రావడానికి కొంచెం ఆలస్యం కావచ్చు. ఆగండి. ఆ పిల్ల మెదడు ఆ క్షణంలో మీ మాటను నేర్చుకుంటూ ఉంటుంది.